కుడిపక్క

వాచీల మేస్త్రీకి లోకమంతా ఎడమకంటితోనే కనిపిస్తుంది. కుడికన్ను చూడ్డానికి నిక్షేపంగా ఉంటుంది, చూడ్డం మాత్రం మానేసింది. కుర్రతనంలో పని నేర్చుకునేటప్పుడు ఓ స్ప్రింగు తెగి ఎగిరి ఆ కంట్లో తగిలింది. పైకి మచ్చ కూడా మిగలలేదు కనుక ఆయన ఎవరికీ చెప్పలేదు. వాచీల పనిలో భూతద్దం ఒక కంటికే పెట్టుకుంటారు, రెండోది ఎలాగూ మూసుకునేదే. ఒంటికన్ను మేస్త్రీ అని తెలిస్తే వాచీ ఎవడిస్తాడని ఆయన భయం. పెళ్లి మాటలప్పుడు కూడా నోరు విప్పలేదు. చూపులు కలిశాయని చుట్టాలు మురిసిపోయారు. కలిసినవి మూడు కళ్లేనని ఆయన ఒక్కడికే తెలుసు.

ఆ రహస్యానికి ఇన్నాళ్లూ కాపలా కాసింది వీధే. అది వన్‌వే. దుకాణం గడప దిగి నిలబడితే బళ్లన్నీ ఎడమనుంచే వస్తాయి. అటు చూసి, సందు దొరకబుచ్చుకుని, అవతలి బస్‌స్టాపుకు దాటేయడమే. పొద్దున వచ్చే బస్సు వెనకవీధిలో, దుకాణం పెరటి తలుపు దగ్గర దింపుతుంది. భార్య కూడా ఆ దుకాణంలోనే వాచీలకు పట్టీలు మారుస్తుంది. రాకపోకలు ఇద్దరివీ కలిసే.

ఇలా ఉండగా మున్సిపాలిటీ వాళ్లకు నడిచేవాళ్ల మీద దయ కలిగింది. బళ్లు దూసుకుపోకుండా వీధిలో రెండువైపులా నడిపిస్తామని, ఫుట్‌పాత్ వెడల్పు చేసి, మధ్యలో ఆగడానికి దిమ్మె కట్టి, దాటడానికి చారలు వేస్తామని సభ పెట్టి చెప్పారు. వీధివాళ్లంతా చప్పట్లు కొట్టారు. మేస్త్రీ ఒక్కడే లేచి వద్దన్నాడు. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేకపోయాడు.

"గడియారం ముళ్లు ఒకవైపే తిరుగుతాయి కదా, ఈయనకి వీధి కూడా అలాగే ఉండాలి," అన్నాడు మందుల షాపాయన. సభంతా నవ్వింది. భార్య నవ్వలేదు. అది ఆయన చూడలేదు, ఆమె కుడిపక్కన కూర్చుంది.

పని పూర్తయి వీధి తెరిచిన సాయంత్రం, ఇద్దరూ దుకాణానికి తాళం వేసి చారల దగ్గర నిలబడ్డారు. ఇప్పుడు దగ్గరి వరసలో బళ్లు కుడినుంచి వస్తాయి. మేస్త్రీ ఆ సంగతి నాలుగు రోజులుగా గుర్తుపెట్టుకుంటూనే ఉన్నాడు. కానీ మెడకు పాత అలవాటు పోలేదు. ఎడమకు తిరిగింది. ఖాళీగా కనిపించింది. కాలు దింపాడు.

భార్య ఆయన చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది. పాల వ్యాను వాళ్ల ముందునుంచి రయ్యిన పోయింది.

"చూశాన్లే, వస్తోందని తెలుసు," అన్నాడు.

"అటువైపు మీకు కనపడదు కదండీ," అంది ఆమె, వాన వచ్చేలా ఉందన్నంత మామూలుగా.

ఆమె మేస్త్రీ చెయ్యి పట్టుకుని నడిమి దిమ్మె దాకా తీసుకెళ్లింది. అక్కడ నిలబడ్డాక అడిగాడు.

"నీకెప్పుడు తెలిసింది?"

"పెళ్లయిన వారానికే. కుడిపక్కన మంచినీళ్లు పెడితే చాలు, చెయ్యి తగిలించి దొర్లించేసేవారు. అప్పట్నుంచీ గ్లాసుని ఎడమకి మార్చా, నేను కుడికొచ్చా."

నడకలో, బస్సులో, మొన్నటి సభలో ఆమె ఎటువైపు ఉందో తలుచుకున్నాడు. అటు ఉండటం ఆమెకు ఇష్టం కాబోలనుకున్నాడు ఇన్నేళ్లూ. సిగ్గేసింది, కోపం కూడా వచ్చింది.

"మరి ఒక్కసారైనా అడగలేదేం?"

"మీరే చెబుతారేమోనని చూశాను," అంది. ఎడమనుంచి వచ్చే బళ్లు ఆగాయి. "ఇంకా చూస్తూనే ఉన్నాను. పదండి, బస్సొచ్చింది."