ముందు సూడిదానికి

మా పిన్ని పోయిందని పొదిలి నుంచి ఫోను చేసింది ఆమె బావగారే. నేను ఏడుపు దిగమింగుకుంటుండగానే, "దొడ్లో ఆ సూడి పందిని నేను తోలుకుపోనా అమ్మాయ్?" అని అడిగాడు. అప్పటికి మనిషిని ఇంకా ఎత్తనే లేదు.

పిన్ని ఒక్కసారే కడుపుతో ఉంది. అప్పుడు ఉమ్మడి కాపురం, పెత్తనమంతా ఆయనది. "పిల్ల లావైతే కాన్పు కష్టం. అరకడుపు చాలు" అని వంటింటి గుమ్మం దాకా వచ్చి చెప్పిపోయేవాడు. పిన్ని మిరపకాయలు కోసొచ్చి గంజి తాగి పడుకునేది. పుట్టిన ఆడపిల్ల పిడికెడంత ఉంది, దక్కలేదు. పందుల దగ్గరా ఆయనది అదే చట్టం. కోతకు పోయేవాటికి మేత, సూడివాటికి కుడితి నీళ్లు.

వేరుపడ్డాక పిన్ని తన ఇంట్లో ఒక ఆచారం పెట్టింది. ఎంతటి చుట్టమొచ్చినా సరే, మనుషులకు వడ్డించేముందు సూడిదాని తొట్టి నిండాలి. నూకలు, తవుడు, వేరుశనగ చెక్క. "కడుపులో పట్టని కండ బయట పట్టదే. ఆనక ఎంత మేపినా కొవ్వే" అనేది. ఆమె పందిపిల్లలు చకచకా ఎదిగేవి, ముక్క మెత్తగా ఉడికేది. ఆయన అమ్మే మాంసం పైన కొవ్వు, లోపల పీచు. ఆదివారం జనం ఆయన బల్ల దాటుకుని పిన్ని దగ్గరికి వచ్చేవాళ్లు. పిన్ని ఆయన వంక చూస్తూ మరీ తూచేది.

ఓసారి ఆయనే వచ్చాడు. "ఏం మందు వాడుతున్నావమ్మా?"

"మందు కాదు బావగారూ. తల్లికి పెట్టడం. అది మీకు చేతకాదు."

ఆ రోజు పిన్ని కడుపునిండా అన్నం తిన్నది.

నేను కడుపుతో ఉన్నప్పుడు చీరాల వచ్చి నా కంచం ముందు కాపలా కూర్చుంది. నా కొడుకు ఇవాళ గుమ్మంలో తల వంచి నడుస్తున్నాడంటే ఆమె చలవే. పోయినవాళ్లను తలచుకుంటూ క్షమ గురించి రాయాలంటారు. ఆమె క్షమించలేదు. నాకూ ఆ ఉద్దేశం లేదు.

పెద్దదినం నాడు బంతిలో మొదటి విస్తరి ముందు ఆయనే కూర్చున్నాడు. "వడ్డించవేమ్మా" అన్నాడు.

"ఆగండి పెదనాన్నా. ఈ ఇంట్లో ముందు సూడిదానికి పెడతాం. ఈనగానే తల్లినీ పిల్లల్నీ చీరాల తీసుకెళ్తున్నా" అని, బంతంతా వినేలా చెప్పి, తవుడు బకెట్టు ఎత్తుకుని దొడ్లోకి వెళ్లాను.

అది తింటుంటే నేనేమీ తొందరపెట్టలేదు. గోడ మీదుగా చూస్తే, ఆయన ఖాళీ విస్తరి మీద నీళ్లు చల్లుకుని, తుడుచుకుని, మళ్లీ చల్లుకుంటున్నాడు.