కాగితం మీద డెబ్బై ఐదు

మా తాతయ్యకి రెండు పుట్టినరోజులు. జూన్ ఒకటి ప్రభుత్వం లెక్క. కార్తీక మాసంలో వచ్చేది అమ్మమ్మ లెక్క. అమ్మమ్మ కార్తీకంలోనే పాయసం వండుతుంది. జూన్ ఒకటిన ఆయన ఫోనుకి బ్యాంకు నుంచి, పళ్ల డాక్టరు నుంచి శుభాకాంక్షలు వస్తాయి. పాయసం కూడా వాళ్లనే పంపమంటుంది.

రెండు లెక్కలకీ తేడా రెండున్నరేళ్లు. తణుకు దగ్గర వాళ్ల ఊళ్లో ఆయన్ని బడిలో వేసిన రోజు, హెడ్మాస్టరు వరసలో నిలబడ్డ పిల్లలందరికీ ఒకే పుట్టినరోజు రాసేశాడట. "వీడు కాస్త పెద్దవాడండీ" అని మా ముత్తాత నసిగితే, "ఉండనివ్వండి, ఉద్యోగంలో పనికొస్తుంది" అన్నాడట. పనికొచ్చింది. ఢిల్లీలో ఒక మంత్రిత్వ శాఖలో సెక్షన్ ఆఫీసరుగా ఆయన అరవై ఏళ్లకి రిటైరయ్యేనాటికి ఆయనకి అరవై రెండున్నర.

పేరు త్యాగరాజు. పాట రాదు. గోల్ఫ్ వచ్చు, అదీ కొంతవరకు.

గోల్ఫ్ ఆయనకి ఫైలు ద్వారా అంటుకుంది. నోయిడా దాటి ఘాజియాబాద్ వైపు పోయే దారిలో ఉద్యోగుల వినోదం కోసం ఒక చిన్న గోల్ఫ్ మైదానానికి స్థలం ఇచ్చే ఫైలు పదకొండేళ్లు ఆయన బల్ల మీద ఉంది. దాని మీద "చర్చించవలెను" అని నాలుగుసార్లు, "చర్చించడమైనది" అని మూడుసార్లు రాశాడట. నాలుగో చర్చ ఏమైందో ఆయనకీ తెలీదు.

రిటైరయ్యాక డాక్టరు రోజూ నడవమన్నాడు. మా సొసైటీ పార్కులో రెండు వారాలు నడిచి మానేశాడు. అక్కడి పెద్దమనుషులు నడుస్తూ ఒకరికొకరు రక్తపరీక్షల రిపోర్టులు అప్పజెప్పుకుంటారు. పైగా ఊరికే గుండ్రంగా తిరిగి బయల్దేరిన చోటికే రావడం ఆఫీసులో చాలా చేశానన్నాడు. తన ఫైలు చివరికి ఏమైందో చూద్దామని ఒకరోజు వెళ్లాడు. ఫైలు గడ్డి అయింది. ఎవరో చేతికి కర్ర ఇచ్చి కొట్టమన్నారు. కొట్టాడు. బంతి తిన్నగా వెళ్లింది. అప్పట్నుంచి ఇంటికి తిన్నగా రావడం మానేశాడు.

గోల్ఫ్‌లో కూడా బయల్దేరిన చోటికే వస్తారు గదా అని నేనొకసారి అడిగాను.

"వస్తాం. మధ్యలో బంతి ఉంటుంది" అన్నాడు.

నేను డిగ్రీ రెండో ఏడాదిలో ఆపేశాను కాబట్టి, పొద్దున ఆరింటికి పనీపాటా లేని మనిషి ఇంట్లో నేనొక్కదాన్నే అని తేల్చారు. ఆయన్ని స్కూటీ మీద మైదానానికి తీసుకెళ్లి తీసుకొచ్చేది నేనే. సంచి వీపుకి తగిలించుకుని వెనక కూర్చుంటాడు. కర్రలు రెండు పక్కలా పొడుచుకొచ్చి ఉంటాయి. నోయిడాలో జనం దారిచ్చే స్కూటీ మాదొక్కటే.

మార్చి వెళ్లేదాకా కోతిటోపీ తియ్యడు. బంతి ముందు నిలబడి చాలాసేపు దాన్ని చదువుతాడు. తర్వాత మోకాలు ఒప్పుకున్న మేరకు ఊపుతాడు. దూరం పోదు, పక్కకీ పోదు. ఐటీ కంపెనీల కుర్రాళ్లు ఆకాశం పగిలేట్టు కొట్టి, తుమ్మపొదల్లో బంతి వెతుక్కుంటూ ఉండగా ఈయన వాళ్లని దాటి ముందుకెళ్లిపోతాడు. వెళ్తూ "దొరికిందా నాన్నా?" అని అడుగుతాడు. దొరకలేదని తెలిసే అడుగుతాడు.

ఆయనతో ఆడేది రామమూర్తి తాతగారు. విజయనగరం ఆయన. అదే సెక్షన్‌లో తాతయ్య కింద పనిచేశాడు. తాతయ్య రిటైరయ్యాక ఆ కుర్చీ ఈయనకి వచ్చింది. ఆర్డరు రావడానికి నెల పట్టింది, మరో పదకొండు నెలలకి ఈయనా రిటైరయ్యాడు. ఇప్పటికీ తాతయ్యని సార్ అనే పిలుస్తాడు. తాతయ్య కొట్టాకగాని తను కొట్టడు.

ఒకసారి పొడుగు గడ్డిలో తాతయ్య కర్ర ఆన్చేసరికి బంతి అర అంగుళం కదిలింది. చూసింది ఆయనా, రామమూర్తి తాతగారూ, ఒక నెమలీ.

"ఒక దెబ్బ కలుపు" అన్నాడు తాతయ్య.

"కొట్టలేదు గదా సార్. నెమలి ఎవరికీ చెప్పదు."

"అయినా రాయి."

బంతి విషయంలో అంత నిజాయితీ. పుట్టినరోజు సంగతి వేరు, అది హెడ్మాస్టరు రాసింది.

ఇక పలక సంగతి చెప్పాలి. ఆ మైదానం టీ గదిలో గోడకి టేకు పలక ఒకటి ఉంది. పద్దెనిమిది గుంటల్లోనూ బంతి వేయడానికి మొత్తం ఎన్ని దెబ్బలు పడితే అది స్కోరు. ఎంత తక్కువైతే అంత గొప్ప. ఆ స్కోరు ఆడినవాడి వయసుకి సమానంగాగానీ, తక్కువగాగానీ వస్తే ఆయన పేరు పలక మీదకి ఎక్కిస్తారు. కుర్రాళ్లకి ఈ జన్మలో కుదరదు, ముందు ముసలివాళ్లు కావాలి. ముసలివాళ్లకేమో కాళ్లు కుదరవు. మా మైదానం చిన్నది, ఉన్న తొమ్మిది గుంటల్నే రెండుసార్లు ఆడతారు, దూరాలూ తక్కువే. అందుకని మామూలు మనుషులకి కూడా కాస్త ఆశ ఉంటుంది. అయినా ఇన్నేళ్లలో ఎక్కింది రెండే పేర్లు, రెండూ కల్నల్స్‌వి.

తాతయ్య టీ తాగేటప్పుడు పలకకి ఎదురుగానే కూర్చుంటాడు. ఒకసారి జేబురుమాలుతో దాని దుమ్ము తుడుస్తుంటే చూశాను. ఉన్న రెండు పేర్లనీ వదిలేసి కింద ఖాళీగా ఉన్న మూడో వరస మాత్రం తుడిచాడు.

దాని కోసం నాలుగేళ్లుగా ఇంట్లో మాకు శాంతి లేదు. ఒంటికాలి మీద నిలబడి పళ్లు తోముకుంటాడు, ఒకరోజు కుడి, ఒకరోజు ఎడమ. ఏ రోజు ఏ కాలో మర్చిపోతే అమ్మమ్మని అడుగుతాడు. పొద్దున కుక్కరు పెట్టగానే వంటింట్లో కుర్చీ వేసుకుని లేచి కూర్చుంటాడు, మళ్లీ లేచి మళ్లీ కూర్చుంటాడు. మూడో విజిల్ దాకా. పప్పు మొండిదైన రోజు ఐదో విజిల్ దాకా వెళ్తుంది, ఆ రోజు మధ్యాహ్నం ఎవరితోనూ మాట్లాడడు.

మొన్న ఫిబ్రవరిలో ఒక పొద్దున, చివరి గుంటలో బంతి పడ్డాక కార్డు తీసి రెండుసార్లు కూడాడు. రామమూర్తి తాతగారి చేతికిచ్చి మళ్లీ కూడమన్నాడు.

"డెబ్బై ఎనిమిది సార్. ఇంత బాగా ఎప్పుడూ ఆడలేదు మీరు."

"ఇంకా మూడు తగ్గాలి" అన్నాడు తాతయ్య. కాగితం మీద ఆయనకి డెబ్బై ఐదు.

నాకు కార్తీకం లెక్క గుర్తొచ్చింది. అసలు వయసు డెబ్బై ఎనిమిది నిండి మూడు నెలలైంది. రామమూర్తి తాతగారు కాళ్లు కడుక్కోవడానికి వెళ్లాక, కౌంటరు దగ్గర ఉండే నేహా దీదీతో ఆ మాట అనేశాను. మైదానం పుస్తకాలన్నీ, పలకతో సహా, నేహా దీదీ చూస్తుంది.

"అచ్ఛా? అయితే ఎక్కినట్టే గదా అంకుల్‌జీ" అంది హిందీలో. "రేపు వయసుకి ఏదైనా కాగితం తీసుకురండి. శనివారం పేర్లు రాసే భయ్యా వస్తాడు."

మెట్రో స్తంభాలు వచ్చాక తాతయ్య వెనక నుంచి అడిగాడు.

"నిన్నెవరు అడిగారే?"

"ఎవరూ అడగలేదు. అబద్ధమా?"

"నిజమే. అడగకుండా నిజం చెప్పకూడదు. ముప్పై ఐదేళ్ల సర్వీసు చెప్తోంది."

ఇంటికి రాగానే నేనే అమ్మమ్మకి చెప్పాను, ఎలాగూ చెడ్డపేరు వచ్చేసింది కాబట్టి. అమ్మమ్మ అసలు పేరు అన్నపూర్ణేశ్వరి. అంత పొడుగు పేరుతో పిలిస్తే కోపంలో ఉన్నట్టు లెక్క, తాతయ్య ఆ రోజు రెండుసార్లు పిలిచాడు. ఆవిడ వినిపించుకోకుండా బీరువాలోంచి పసుపు అంటిన జాతకం తీసి సోఫా మీద పెట్టింది.

"సర్వజిత్తు సంవత్సరం, కార్తీకం. చూసుకోండి. పెళ్లికి ముందు మా నాన్న పదిసార్లు చదివించాడు."

"నాకు తెలుసు."

"తెలిస్తే పట్టుకెళ్లి చూపించండి. ఒంటికాలి మీద నాలుగేళ్లు నిలబడ్డారు."

"రామమూర్తి ముందు ఎలా చూపించను?" అన్నాడు తాతయ్య. "రెండున్నరేళ్లు వాడి కుర్చీలో కూర్చున్నాను. నేను వేళకి లేచి ఉంటే వాడు మూడున్నరేళ్లు సెక్షన్ ఆఫీసరుగా ఉండేవాడు. పదకొండు నెలలతో సరిపెట్టుకున్నాడు."

"కూర్చున్నారు సరే. లేచి కూడా పదహారేళ్లయింది గదా."

 తాతయ్య ఆ రోజు అన్నంలో నెయ్యి వేసుకోవడం మర్చిపోయాడు. అది మా ఇంట్లో చిన్న విషయం కాదు.

మర్నాడు పొద్దున జాతకం సోఫా మీద లేదు. ఆయన సంచిలో బంతులుండే జేబు కొంచెం ఉబ్బి ఉంది. నేను చూడనట్టు స్కూటీ తీశాను. నాకు కూడా అడగకుండా ఉండటం వచ్చని తెలియాలి గదా.

ఆ రోజు ఆట సాగలేదు. మొదటి తొమ్మిది గుంటలకే స్కోరు యాభై దాటింది. నాలుగో గుంట దగ్గర బంతిని తుమ్మపొదలోకి కొట్టాడు. ఐటీ కుర్రాడొకడు అటుగా వెళ్తూ "మిల్‌గయా అంకుల్?" అన్నాడు. దొరికిందా అని. చాలాకాలంగా దాచుకున్న ప్రశ్నలా ఉంది.

తొమ్మిదో గుంట కాగానే ఆట ఆపి కౌంటరు దగ్గరికి వచ్చారు ఇద్దరూ. నేహా దీదీ పుస్తకం తెరిచి పెట్టుకుంది.

"తెచ్చారా అంకుల్‌జీ?"

తాతయ్య సంచి జిప్పు మీద చెయ్యి వేశాడు. రామమూర్తి తాతగారు పక్కనే నిలబడి చేతి తొడుగు విప్పుకుంటున్నాడు. తాతయ్య పలక వైపు చూశాడు. మూడో వరస శుభ్రంగా ఉంది.

"నేను చేరినప్పటి ఫారంలో ఏముంది బేటా?"

నేహా దీదీ వెతికి చదివింది. "జూన్ ఒకటి. డెబ్బై ఐదు నడుస్తోంది... కాదు, నిండాయి."

"అయితే అంతే" అని జిప్పు మీంచి చెయ్యి తీశాడు. "పిల్ల ఏదో పొరపాటున చెప్పింది."

పిల్ల అంటే నేను. 

టీ వచ్చింది. తాతయ్య మొదటిసారి పలకకి వీపు పెట్టి కూర్చున్నాడు. రెండు గుక్కలు తాగి, గ్లాసు కింద పెట్టి, ఫైలు మీద రాసే గొంతుతో చెప్పాడు.

"రామమూర్తీ, నాకు అసలు డెబ్బై ఎనిమిది. నీ కుర్చీలో రెండున్నరేళ్లు ఎక్కువ కూర్చున్నాను. నీకు చెప్పి ఉండాల్సింది."

రామమూర్తి తాతగారు బిస్కెట్టు టీలో ముంచి, అది విరిగి పడేలోగా నోట్లో వేసుకున్నాడు. నమిలాడు. మింగాడు.

"నాదీ జూన్ ఒకటే గదా సార్."

"అయితే?"

"అయితే ఏముంది. మా హెడ్మాస్టారూ మీ హెడ్మాస్టారు లాంటివాడే. కుర్చీ దిగేనాటికి నాకు అరవై ఒకటిన్నర. నా వెనక సునంద గారు ఏడాదిన్నర కనిపెట్టుకుని కూర్చుంది, పాపం."

"ఆవిడకి చెప్పావా?"

"చెప్పబోయాను. ఆవిడది జులై ఒకటి సార్."

తాతయ్య వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. "మన సెక్షన్‌లో పదకొండు మందిమి. ఆరుగురికి ఒకేరోజు పుట్టినరోజు. నేను పదేళ్లు సంతకాలు పెట్టాను, ఒక్కసారీ అనుమానం రాలేదు."

"వచ్చి ఉంటుంది సార్. చర్చించవలెను అని రాసి ఉంటారు."

"మరి ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేం?"

"మీరు అడగలేదు గదా."

నేను తాతయ్య వైపు చూశాను. ఆయన నా వైపు చూడలేదు.

"ఇప్పుడైనా పలక మీదకి ఎక్కండి సార్, నాకేం అభ్యంతరం లేదు" అన్నాడు రామమూర్తి తాతగారు.

"వద్దు. రిజిస్టరు ప్రకారం జీతం తీసుకున్నాను. రిజిస్టరు ప్రకారమే ఎక్కుతాను."

"పోనీ మూడు తగ్గించండి."

"మూడు కాదు" అన్నాడు తాతయ్య. కుర్చీ తిప్పుకుని మళ్లీ పలకకి ఎదురుగా కూర్చున్నాడు. "జూన్ ఒకటి దాటితే రెండు చాలు. పై ఏడాది ఒకటి. ఆ పై ఏడాది మొన్నటి ఆట ఆడితే చాలు. అప్పటిదాకా కాళ్లుండాలి, అంతే."

"ఉంటాయి సార్. కాగితం మీద ఇంకా కుర్రకాళ్లే."

ఇంటికొచ్చాక జాతకం తీసి అమ్మమ్మకి ఇచ్చాడు. దానికి గడ్డి అంటుకుని ఉంది. ఆవిడ ఏమీ అడగకుండా దులిపి బీరువాలో పెట్టింది. మర్నాటి నుంచి హాల్లో స్టీలు గ్లాసు పడుకోబెట్టి, రోజూ యాభైసార్లు అందులోకి బంతి దొర్లిస్తున్నాడు. కింది ఫ్లాటు ఆంటీ రెండుసార్లు పైకొచ్చి చప్పుడేమిటని అడిగింది. ఫిజియోథెరపీ అని చెప్పాను. అడిగింది కాబట్టి చెప్పాను.

ప్రభుత్వం ఇచ్చిన పుట్టినరోజు కోసం ఆయన ఎదురు చూడటం ఇదే మొదటిసారి. క్యాలెండరులో జూన్ ఒకటి చుట్టూ పెన్సిలుతో సున్నా చుట్టాడు. నిన్న వంటింట్లో మూడో విజిల్‌కి కుర్చీలోంచి లేచి, ఆ రోజు పాయసం వండుతావా అని అమ్మమ్మని అడిగాడు.

అమ్మమ్మ కుక్కరు కింద మంట తగ్గించింది.

"స్కోరు చూసి చెప్తాను" అంది.