వెదురు గొట్టంతో బిగించిన ఆయిల్ సీల్

నా ఉద్యోగ విరమణకు ఇంకా రెండేళ్లు ఉన్నాయనగా, డిసెంబరు మొదటి వారంలో నన్ను ముంచింగిపుట్టు మండలానికి డెప్యుటేషన్ మీద పంపారు. అప్పటికి నేను వ్యవసాయ యంత్రాల వర్క్‌షాపులో ఫోర్‌మన్‌ని. మెకానిక్ కంటే ఒక మెట్టు పైన. మరమ్మతు చేయడం తక్కువ, చేసినది సరిగ్గా ఉందని సంతకం పెట్టడం ఎక్కువ. కొండ ఊళ్లలో మహిళా సంఘాలకు ఇచ్చిన డీజిల్ ఇంజన్లను పరీక్షించి, చిన్న మరమ్మతులు వాళ్లే ఇంటి దగ్గర చేసుకునేలా నేర్పడం నాకు అప్పగించిన పని.

మూడో రోజు వెళ్లిన ఊళ్లో సంఘం ఇంజన్ సుక్రి అనే ఆవిడ ఇంటి పక్కన, రేకుల షెడ్డులో ఉంది. సుక్రికి నలభై ఏళ్లుంటాయి. సంఘం నాయకురాలు, ఇంజన్ నడిపేదీ ఆవిడే. ఆ ఇంజన్ బెల్టుతో పల్పర్‌ను తిప్పుతుంది. పల్పర్ అంటే కాఫీ పండు తొక్క ఒలిచి గింజను వేరు చేసే యంత్రం. కోసిన రోజే ఆ పని అయిపోవాలి. మర్నాటికి పండు పులిసి, గింజ నాసిరకం కిందికి పోతుంది. నేను వెళ్లేసరికి షెడ్డు ముందు టార్పాలిన్ మీద పన్నెండు కుటుంబాల పండ్లు ఎర్రగా కుప్పపోసి ఉన్నాయి. ఇంజన్ ఆపేసి ఉంది.

"పొద్దున్నించీ బెల్టు జారిపోతంది సారూ. పళ్లు ఏడెక్కిపోతన్నాయి, బేగి సూడండి" అంది సుక్రి.

బెల్టు ముట్టుకుంటే చేతికి జిడ్డు అంటింది. పుల్లీ వెనక నుంచి నూనె కారుతోంది. పుల్లీని తిప్పే ఇరుసు, అంటే క్రాంక్ షాఫ్టు, ఇంజన్‌లోంచి బయటికి వచ్చే చోట, నూనె దాని వెంట రాకుండా ఆపేది ఆయిల్ సీల్. గుండ్రని ఇనుప అంచు, దాని లోపల రబ్బరు పెదవి, ఆ పెదవి షాఫ్టును వదలకుండా చుట్టూ సన్నని స్ప్రింగు. స్ప్రింగు ఉన్న వైపు ఇంజన్ లోపలికి, నూనె వైపుకి ఉండాలి. పుల్లీ విప్పి చూస్తే స్ప్రింగు నాకు ఎదురుగా కనబడింది. సీలును తిరగేసి బిగించారు.

నాకు చిర్రెత్తింది. ఏ మేస్త్రీ బిగించాడో గాని వాడికి కళ్లున్నాయా అని గట్టిగానే అన్నాను. మా వర్క్‌షాపులో అయితే మెమో ఇచ్చేవాణ్ణని కూడా అన్నాను. చుట్టూ చేరిన సంఘం ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుక్రి షెడ్డు రేకుల వైపు చూసింది.

పాత సీలు ఇనుప అంచులో ఎదురెదురుగా రెండు సన్నని రంధ్రాలు వేసి, వాటిలో మరలు ఎక్కించి, పటకారుతో కాస్త ఇటు, కాస్త అటు లాగి బయటికి తీశాను. స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే షాఫ్టు గీసుకుపోతుంది. గీత పడితే ఎన్ని సీళ్లు మార్చినా నూనె కారుతూనే ఉంటుంది. షాఫ్టు మీద గోరు పెట్టి చూశాను. నున్నగా ఉంది. అంతవరకూ పద్ధతిగానే చేశాను.

కొత్తది ఎక్కించేటప్పుడు తొందరపడ్డాను. సీలు అంచును చుట్టూ ఒకేసారి, సమానంగా నొక్కడానికి ఉక్కు గొట్టం ఒకటి ఉంటుంది. నాది వర్క్‌షాపులోనే ఉండిపోయింది. పండ్ల కుప్ప వైపు ఒకసారి చూసి, మొండి ఉలి ఆనించి చుట్టూ కొట్టుకుంటూ పోతే సరిపోతుందనుకున్నాను. నాలుగో దెబ్బకి సీలు ఒక పక్కకి ఒరిగింది. ఐదో దెబ్బకి అంచు వంగిపోయింది. సంచిలో ఇంకొక్కటే మిగిలింది.

సీలే నాసిరకం అనేస్తే కాదనేవాళ్లు అక్కడ లేరు. ఆ మాట నోటిదాకా వచ్చింది కూడా. కాని అందరూ నా చేతుల వైపే చూస్తున్నారు. నేనా, నేర్పడానికి వచ్చినవాణ్ణి. వంగిన సీలు పైకెత్తి చూపించి, దీన్ని నేనే పాడుచేశాను, ఉలితో కొట్టకూడదని తెలిసీ కొట్టాను అని చెప్పాను.

సుక్రి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఆ కళ్లు లేని మేస్త్రీని నేనే సారూ! పాతది కారతంటే పాడేరు నుంచి కొత్తది తెప్పించి, రోకలి ముక్కతో కొట్టీసినాను. మరింకేటి, నాకూ ఓ మెమో ఇచ్చీయండి."

షెడ్డంతా నవ్వుతో దద్దరిల్లింది. నేనూ ఆపుకోలేకపోయాను. మొదటి మెమో నాకే రాసుకోవాలని ఒప్పుకున్నాను.

నవ్వులు తగ్గాక, ఉక్కు గొట్టం ఎలా ఉంటుందని సుక్రి అడిగింది. మూతి సీలు అంచు అంత వెడల్పు ఉండాలి, లోపలి బోలు షాఫ్టుకు తగలకూడదు, కోసిన చోటు ఎత్తుపల్లాలు లేకుండా ఉండాలి అని చెప్పాను.

"అది ఇనపదే అవ్వాలేటి? ఎదురు బొంగు సాలదా?" అంది.

సుక్రి మామగారు బుద్రు బుట్టలు అల్లే మనిషి. అరుగు మీద కూర్చుని అంతా వింటున్నాడు. వంగిన సీలు అడిగి తీసుకుని ఇంటి వెనక్కి వెళ్లాడు. తెచ్చిన మూడు వెదురు ముక్కల్లో మూడోది కొలిచి చేసినట్టు సీలు అంచు మీద కూర్చుంది. కోసిన మూతిని రాతి మీద అరగదీసి, రెండో కొసన కణుపును అలాగే ఉంచాడు.

"కణుపు మీద కొట్టండి బాబూ, పగల్దు" అన్నాడు.

ఆ రెండో సీలును నేను ముట్టుకోలేదు. సుక్రి చేతికే ఇచ్చాను. షాఫ్టు మీద పుల్లీని పట్టి ఉంచే గాడి అంచు రబ్బరును కోసేస్తుంది కాబట్టి, నూనె ప్యాకెట్ కత్తిరించి ఆ పలచని ప్లాస్టిక్ ముక్కను అక్కడ చుట్టించాను. రబ్బరు పెదవికి ఇంజన్ నూనె రాయించాను. స్ప్రింగు ఏ వైపుందో ఆవిడ రెండుసార్లు చూసుకుని, మూడోసారి నాకు చూపించింది. వెదురు ఆనించి, చెక్క సుత్తితో మెల్లగా కొట్టింది. నాలుగైదు దెబ్బలకు సీలు గూటిలో సమంగా దిగింది. ప్లాస్టిక్ ముక్క లాగేసి, సీలు చుట్టూ వేలితో తడిమి చూసింది.

బెల్టును సబ్బునీళ్లతో కడిగి ఎండలో ఆరబెట్టి, పుల్లీ బిగించి, ఇంజన్ స్టార్ట్ చేశాం. కింద తెల్లకాగితం పరిచి పావుగంట నడిపాం. కాగితం మీద ఒక్క చుక్క లేదు. సుక్రి దాన్ని రెండు చేతులతో పైకెత్తి అందరికీ చూపించి, పల్పర్‌లో మొదటి బుట్ట గుమ్మరించింది. ఒక పక్క ఎర్ర తొక్కలు, ఒక పక్క జిగురు గింజలు. వెనకనుంచి ఆడవాళ్లు బుట్ట మీద బుట్ట అందిస్తూ, ఇంజన్ మోత మీదుగా కేకలేసుకుంటూ పనిచేశారు. పొద్దు వాలకముందే కుప్ప అయిపోయింది. అందరికీ వేడివేడి టీ వచ్చింది. కాఫీ పండించే ఊళ్లో టీ ఏమిటని అడిగితే, కాఫీ చేదు సారూ అన్నారు.

నివేదికలో ఒక సీలు ఫోర్‌మన్ తప్పు పద్ధతి వల్ల పాడైందని రాశాను. మా ఇంజనీరుగారు ఆ వాక్యం అవసరమా అని అడిగారు. ఉంచమన్నాను.

ఆ తర్వాత ఏ ఊళ్లో శిక్షణ ఇచ్చినా, ముందు నా పొరపాటు చెప్పి తర్వాత పని మొదలుపెట్టేవాణ్ణి. సీలు మార్చడం అరగంటలో నేర్పవచ్చు. అది ఎందుకు పోయిందో తెలియాలంటే మాత్రం, ఆ యంత్రాన్ని చివరిసారి విప్పిన మనిషి భయపడకుండా నోరు విప్పాలి. పై హోదాలో ఉన్నవాడు తన తప్పు ముందుగా చెప్పిన చోటే అది జరుగుతుంది.