మొదటి జవాబు

శీతల గిడ్డంగులు కట్టే కంపెనీలో ఆమెది మాటల ఉద్యోగం. ఇంట్లోనే కూర్చుని, గిడ్డంగి కొనబోయే వ్యాపారులకు వెబ్‌పేజీ తెరిచి అన్నీ వివరిస్తుంది. తెర మీద గీతను జరిపితే సరుకు బరువు పెరుగుతుంది, పక్కనే కరెంటు ఖర్చు మారుతుంది. మధ్యమధ్య ఒక ప్రశ్న వస్తుంది, వాళ్లు జవాబు నొక్కాలి. అందరూ ఆరితేరినవాళ్లే గానీ, ముందుగా నొక్కడానికి ఒక్కరికీ చెయ్యి రాదు. ఎన్ని జవాబులొచ్చాయో చూపే అంకె సున్నా నుంచి ఒకటికి కదిలిందా, ఇక గొర్రెదాటే. ఆ ఒకటి ఎప్పుడూ వాళ్ల అక్కది. పక్క గదిలో బట్టలు మడతపెడుతూ, "మీవాళ్లంతా బెల్లంకొట్టిన రాళ్లేనే!" అని తన ఫోన్లో నొక్కేది.

అక్క పోయాక ఇవాళే మళ్లీ సమావేశం. ఈ వ్యాపారులు కూడా చేజారితే ఉద్యోగం ఉండదని మేనేజరు ముందే చెప్పాడు. ఆమె తల దువ్వుకుంది, కెమెరా సరిచేసుకుంది, ఎప్పటి మాటలే చెప్పింది. ప్రశ్న వచ్చింది. సున్నా. పక్క గది వైపు తల తిప్పి, మళ్లీ తెర వైపు చూసింది.

"ఏమ్మా, ఆగిపోయిందా?" అన్నాడు ఉల్లిపాయల వ్యాపారి.

"లేదండీ. ఎవరో ఒకరు మొదలుపెట్టాలి."

"ఆ పుణ్యమేదో నువ్వే కట్టుకోరాదూ!"

అందరూ నవ్వారు. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కాసేపటికి అంకె ఒకటైంది. ఆపైన చకచకా పెరిగింది. ఆమె జవాబులన్నీ చదివి వినిపించింది. ముందు నొక్కిందెవరో తెలియలేదు. ఇన్నేళ్లలో అది ఆమెకు తెలియకపోవడం ఇదే మొదటిసారి.