బొంగురు రాయి చప్పుడు

“ఒక్క లెక్క కాడనే పావుగంట నుంచి కూర్చున్నావు. మిగతాయి ఎవరు చేస్తారే?” అన్నాను.

“వచ్చేస్తాది, ఆగవ్వా. ఇంతదూరం చేసి ఎవరన్నా వదిలేస్తారా?” అంది మనవరాలు సువార్త.

“పోయినేడూ ఇట్లనే వదల్లేదు. ఏమొచ్చింది?”

పోయినేడు పీజీ ఎంట్రన్సులో ఇది చివరి ముప్పై ప్రశ్నలు చూడనే లేదు. ఈసారీ సీటు రాకపోతే కురిచేడులో బట్టల దుకాణంలో పనికి పెడతానని వాళ్ల నాయన తేల్చి చెప్పాడు. రేపే పరీక్ష. ఇదేమో రాని లెక్క మీద కాగితాలు నలిపి పారేస్తోంది. చూస్తుంటే రోత పుట్టింది.

నేను మూడో తరగతి దాకే చదివాను. అయినా దయ్యమని ఎవరన్నా అంటే వాళ్ల ముందే ఛీ అనేదాన్ని. చర్చిలో ప్రార్థనకు పోయే మాలాంటివాళ్లకు ఆ పాడు మాటలెందుకు?

మా ఆయన మార్కాపురంలో పలకల రాయి కొట్టేవాడు. ప్రతి రాయినీ ముందు సుత్తితో తట్టేవాడు. ఖంగుమంటే చెక్కుతాడు. బొంగురుగా పలికితే లోపల పగులున్నట్టే, పక్కకు విసిరి ఇంకోటి అందుకుంటాడు. ఆయన మీద రాతిదుమ్ము, బీడీ కలిసిన వాసనంటే నాకు అసహ్యం. ఆ దుమ్ముదగ్గుతోనే పోయి తొమ్మిదేళ్లయింది. సుత్తి కూడా పాతసామాన్లకు వేసేశాను.

ఆ మధ్యాహ్నం సువార్త మళ్లీ అదే లెక్క పట్టుకుంది. పెరట్లో రాయిని తట్టినట్టు బొంగురుగా చప్పుడైంది. పోయి చూస్తే నీడన రెండు కోళ్లు తప్ప ఎవరూ లేరు. పక్కింట్లో అడిగాను, వాళ్లు ఏమీ కొట్టలేదన్నారు.

లెక్క సాగినంతసేపు చప్పుడు లేదు. లెక్క ఆగితే చాలు, మళ్లీ చప్పుడయ్యేది. నాలుగోసారికి ఆయన మీది రాతిదుమ్ము, బీడీ వాసన కూడా వచ్చింది. భయమైతే వేయలేదు. చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకున్నాను. ఈ వయసులో ఇట్లాంటివి వింటున్నానని నా మీద నాకే అసహ్యమేసింది.

“ఎవరవ్వా రాయి కొట్టేది?” అని సువార్తే అడిగింది.

“ఎవరైతే నీకేంది? ఆ లెక్క వదులు.”

వదిలింది. చప్పుడు ఆగిపోయింది. అదేమిటో నాకు ఇప్పటికీ తెలియదు.

తెల్లారి ఇద్దరం బస్సులో పరీక్షకు పోయాం. నేను గేటు బయట కూర్చున్నాను. సువార్త బయటికొచ్చి, రాని ప్రశ్నలు పదకొండు వదిలేసి చివరిదాకా చేశానని, ఇంకా నాలుగు నిమిషాలు మిగిలాయని చెప్పింది. ఆ నాలుగు నిమిషాలు ఏం చేశావని అడిగాను. వదిలేసినవాటిలో రెండు వచ్చినాయంది.