విరగని చేతికి కట్టు

ముందే చెప్పేస్తున్నా. నా కుడి చెయ్యి పుట్టిన దగ్గర్నుంచీ ఒక్కసారి కూడా విరగలేదు. ఇదిగో, చూసుకోండి, ఎక్కడైనా వంకరుందా? కానీ మా రేపల్లె వెళ్ళి, మా చర్చికొచ్చే పెద్దవాళ్ళలో ఎవర్నైనా అడగండి. "ఎవరు, హెడ్మాస్టారి రత్నమా? ఆ పిల్ల చెయ్యి విరిగిందండి, మా కళ్ళ ముందే అతుక్కుందండి!" అని ఒట్టేసి మరీ చెబుతారు. ముప్ఫై ఏళ్ళు దాటింది, ఇప్పటికీ నా మాట వినేవాళ్ళు లేరు. నవ్వకండి, టీ తాగుతూ వినండి.

ఎనభైల చివరి మాట. నేను తెనాల్లో బియస్సీ రెండో సంవత్సరం. పొద్దున్నే రేపల్లెలో పాసింజరెక్కడం, సాయంత్రం మళ్ళీ పాసింజర్లో ఇంటికి రావడం. ఒక శనివారం మా కాలేజీలో ఆరోగ్యం మీద వర్క్‌షాపు పెట్టారు. అందరూ తప్పనిసరిగా రావాలని నోటీసు. నాకేమో ఆ రోజు కాలు ఒకచోట నిలవడంలేదు. ఎందుకంటే మర్నాడు మా చర్చిలో కోతపండగ, పంటలో తొలి భాగం దేవుడికి కానుకిచ్చే రోజు. ఆ పండగ ఆరాధనలో మొట్టమొదటిసారి నేను హార్మోనియం వాయించబోతున్నాను!

దాని వెనక మూడేళ్ళ ఏడుపుంది. మా బాబాయి కూతురు ప్రమీల నాకంటే రెండేళ్ళు చిన్నది. ఎప్పుడు చూసినా హార్మోనియం ముందు అదే కూర్చునేది. మా ఇద్దరికీ నేర్పింది ఒక్కరే, చర్చిలో పాటల క్వయరు నడిపే సమూయేలు మాస్టారు. ఆయన్ని మూడేళ్ళు చంపుకు తింటే చివరికి, "సరేనమ్మా, పండగ రోజు మొదటి కీర్తన నువ్వు వాయించు. బాగుంటే ఇకనుంచి ప్రతి ఆదివారం నువ్వే" అన్నారు. రెండు నెలలు అదే కీర్తన, ఇంట్లో అందరికీ చెవులు చిల్లులు పడేలాగా!

సరే, వర్క్‌షాపు. పొద్దున్నంతా ఒక లేడీ డాక్టరు గారు పాలకూర తినండమ్మా, బెల్లం తినండమ్మా, టిఫిన్ మానెయ్యకండమ్మా అని చెబుతుంటే మాకు ఆకలి దంచేసింది. మధ్యాహ్నం ప్రథమ చికిత్స. దానికి బాపట్ల నుంచి ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. మహా హుషారు మనిషి. "కర్రముక్కలు పెట్టి కట్టడం అందరూ చూపిస్తారు. నేను అసలు సిమెంటు కట్టు ఎలా వేస్తారో చూపిస్తాను. ఎవరైనా ఒకరు ముందుకు రండి!" అన్నాడు.

నాకో జబ్బుంది. ఎవరైనా ముందుకు రండి అంటే చాలు, దేనికో కూడా వినకుండా లేచి నిలబడతాను. ఆయన మాట పూర్తయ్యేసరికి స్టేజీ మీదున్నా! కుడి చెయ్యి చాపించి, "చూడండి, ఈ అమ్మాయికి సరిగ్గా ఇక్కడ ఎముక విరిగింది" అని నొక్కి చూపించాడు. దూది చుట్టాడు, తడి గుడ్డ చుట్టాడు, తెల్ల పిండి మెత్తాడు. అరచేతి నుంచి మోచేతి దాకా బిగుసుకుపోయింది. అంతటితో ఆగాడా? కేసు షీటు ఎలా రాయాలో కూడా చూపిస్తానన్నాడు. నా ఫ్రెండ్ వసుంధర రాయడానికి కూర్చుంది. పేరు, వయసు అన్నీ నావే. "ఎలా విరిగిందో ఏదో ఒకటి రాయమ్మా" అంటే ఆ మహాతల్లి "కదులుతున్న రైలు ఎక్కుతూ జారిపడుట" అని రాసింది. డాక్టరు కింద "ఆరు వారాలు కట్టు తీయరాదు" అని రాసి, సంతకం పెట్టి, స్టాంపు కూడా గుద్ది, నా సంచిలోనే పెట్టేశాడు. హాలంతా చప్పట్లు!

"ఇప్పుడు కట్టు ఎలా తీస్తారో చూడండి" అని సంచిలో చెయ్యిపెట్టాడు. పెట్టాడు, పెట్టాడు, సంచి బోర్లించాడు. కట్టు కోసే పెద్ద కత్తెర లేదు! కాంపౌండరు బాపట్లలోనే మర్చిపోయాడట. మా కెమిస్ట్రీ ల్యాబు అటెండరు పరిగెత్తుకెళ్ళి ఇనప రంపం తెచ్చాడు. అది చూసి ప్రిన్సిపాల్ మేడం కుర్చీలోంచి లేచిపోయారు. "నా కాలేజీలో ఆడపిల్ల చేతి మీద రంపం పెడతారా? వీల్లేదు!"

డాక్టరు వాచీ చూసుకున్నాడు, ఆయన రైలు టైమైంది. "ఏం కాదమ్మా, సోమవారం వచ్చి నేనే తీసేస్తా. తడి మాత్రం తగలనివ్వకు, మెత్తబడిపోతుంది" అని వెళ్ళిపోయాడు. సోమవారమా! నాకు కావాల్సింది ఆదివారం పొద్దున కదండీ! పెద్దాసుపత్రికి పరిగెడదామంటే పాసింజరు తప్పిపోతుంది. ఇంటికెళితే నాన్న ఏదో ఒకటి చేస్తార్లే అనుకుని రైలెక్కేశాను.

ఎక్కగానే పెట్టె మొత్తం నావైపు తిరిగింది. కిటికీ పక్కన కూర్చున్న ఒకావిడ సీటిచ్చేసింది. "ఎలా విరిగిందమ్మా?"

"విరగలేదు పిన్నిగారూ. కట్టు ఎలా వెయ్యాలో కాలేజీలో నేర్పారండి."

"నేర్పడానికి వేశారా? మరి విరగ్గొట్టిందెవరు?"

"ఎవరూ విరగ్గొట్టలేదండి!"

"దానంతటదే విరిగిందా? అయ్యో తల్లీ! చూశావా వదినా, చదువులు నేర్పడానికి పిల్ల చెయ్యి విరగ్గొట్టారంట!"

వేమూరు వచ్చేసరికి ఆ మాట పెట్టె చివరిదాకా పాకింది. ఒకాయన ప్రిన్సిపాల్ మీద కేసు పెట్టమన్నాడు. ఇంకొకాయన పెనుమూడిలో కట్టు కట్టే ముసలాయన ఉన్నాడు, చూపించమన్నాడు. పిన్నిగారు బత్తాయి వొలిచి తొన తొనా నా నోట్లో పెడుతోంది. నిజం చెప్పొద్దూ, గట్టిగా వాదిస్తే బత్తాయి ఆగిపోతుందేమోనని భట్టిప్రోలు దాకా నేనూ ఊరుకున్నాను.

ఇంటికి చేరేసరికి అమ్మ గుమ్మంలో శోకాలు పెడుతోంది. నాకంటే ముందు స్టేషన్ నుంచి ఎవరో సైకిల్ మీద కబురు మోసేశారు. నాన్న కూర్చోబెట్టి అడిగారు. జరిగింది జరిగినట్టు చెప్పాను.

"వర్క్‌షాపులో సిమెంటు కట్టు వేశారు. కానీ చెయ్యి విరగలేదు. అంతేనా?"

"అంతే నాన్నా."

"పోయిన నెల స్పెషల్ క్లాసు కూడా ఇలాంటిదేగా?"

ఆ స్పెషల్ క్లాసు తెనాల్లో మ్యాట్నీ అని ఆయనకి అప్పటికే తెలిసిపోయింది. ఈలోగా అమ్మ నా సంచి దులిపింది. అందులోంచి ఆ కేసు షీటు! నాన్న కళ్ళజోడు పెట్టుకుని పైకి చదివారు. "కదులుతున్న రైలు ఎక్కుతూ జారిపడుట!" కాగితం నా ముఖం ముందు ఆడించారు. "రన్నింగులో ఎక్కొద్దని నీకు ఎన్నిసార్లు చెప్పానే! పైగా మాకు అబద్ధమా?"

"అది వసుంధర ఊరికే రాసింది నాన్నా!"

"స్టాంపు కూడా వసుంధరే గుద్దిందా?"

వెంటనే మా వీధి ఆరెంపీ డాక్టరు గారి దగ్గరికి లాక్కెళ్ళారు. నేను లోపలికెళుతూనే "కట్టు కోసెయ్యండి డాక్టరుగారూ, దణ్ణం పెడతా" అన్నా. ఆయన ఆ కాగితం చదివి, అటూ ఇటూ తిప్పి, "బాపట్ల డాక్టరు వేసిన కట్టు. నేను ముట్టుకుంటే మాటొస్తుంది" అన్నారు. నా వేళ్ళు ఒక్కొక్కటే నొక్కారు.

"నొప్పుందా?"

"అస్సలు లేదండి!"

ఆయన నాన్న వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అదేనండి నాకు భయంగా ఉంది. నొప్పి తెలియడంలేదంటే లోపల గట్టి దెబ్బే."

ఇంతమంది ఇన్ని రకాలుగా చెబుతుంటే నాకే తల తిరిగిపోయింది. బాపట్ల డాక్టరు "సరిగ్గా ఇక్కడ" అని అంత నమ్మకంగా ఎలా చెప్పాడు? నొక్కినప్పుడు ఏమైనా కనిపెట్టాడా? ఆలోచిస్తుంటే చెయ్యి సలపడం మొదలైంది. అన్నం తినిపిస్తూ అమ్మ "నొప్పిగా ఉందా తల్లీ" అంటే "కొంచెం ఉందే" అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పొద్దున లేవగానే డాక్టరు చెప్పిన ముక్క గుర్తొచ్చింది. తడి తగిలితే మెత్తబడుతుంది! ఎవరూ చూడకుండా బావి దగ్గర గోలెంలో మోచేతి దాకా ముంచి కూర్చున్నాను. పావుగంట, అరగంట. కాస్త మెత్తబడుతోంది, దేవుడా, ఇంకాస్త అనుకుంటున్నానో లేదో అమ్మ వచ్చి పట్టేసింది. "విరిగిన చేతిని నీళ్ళలో పెడతావా, నీకు మతిపోయిందా!" అని తువ్వాలు చుట్టి, పాత చీర పీలికతో చేతిని మెడకి వేలాడగట్టి, అలాగే చర్చికి లాక్కుపోయింది.

చర్చి కళకళలాడిపోతోంది. ముందువైపు గుమ్మడికాయలు, అరటి గెలలు, బియ్యం మూటలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు, అన్నీ కానుకలే. సమూయేలు మాస్టారు నా చెయ్యి చూశారు. వెంటనే ప్రమీలని పిలిచారు. "అయ్యో అక్కా!" అంది ప్రమీల. అంటూనే పరిగెత్తుకెళ్ళి హార్మోనియం ముందు కూర్చుంది. నాకు ఏడుపొచ్చేసింది. మూడేళ్ళు బతిమాలుకున్న చోటు, రెండు నెలల సాధన, ఒక్క కత్తెర లేక పోయింది!

నేను ఏడవడం పాస్టరు అయ్యగారు చూశారు. చాలా మంచాయన. నన్ను ముందుకు పిలిచి, "మన రత్నకుమారి చెయ్యి విరిగింది, అందరం ప్రార్థన చేద్దాం" అన్నారు. సంఘమంతా లేచి నిలబడింది. ప్రార్థనలో కూడా అబద్ధమైపోతుందే!

"అయ్యగారూ, నా చెయ్యి విరగలేదండి" అన్నాను.

"ఆమెన్! అదీ విశ్వాసమంటే!" అన్నారాయన.

"అది కాదండి. నిజంగానే విరగలేదండి!"

"విన్నారా? రెండోసారి కూడా అదే మాట!" ఆయన కళ్ళలో నీళ్ళు. వెనక ఆడవాళ్ళంతా కొంగులు కళ్ళకి అద్దుకుంటున్నారు. మా నాన్న, కేసు షీటు చదివిన మా నాన్న, తల వంచుకుని ఏడుస్తున్నారు.

అయ్యగారు నా చేతిని చీర పీలికలోంచి తీసి, తువ్వాలు విప్పి, రెండు చేతులతో పట్టుకుని పైకెత్తారు. నాని నాని ఉన్న కట్టు కదండీ! ప్రార్థన మధ్యలో నిలువునా విచ్చుకుంది. జర్రున ఊడింది. దభీమని కిందున్న కోడి మీద పడింది. కోడి కెవ్వుమంది. నేను ఏం చెయ్యాలో తెలియక ఐదు వేళ్ళూ ఆడించాను. అంతే! "దేవా స్తోత్రం!" అని చర్చి దద్దరిల్లిపోయింది. అమ్మ వచ్చి నా మీద పడిపోయింది.

"ఆ చేతితోనే దేవుణ్ణి స్తుతించు తల్లీ!" అన్నారు అయ్యగారు. ప్రమీల తనంతట తనే లేచి చోటిచ్చింది, అదీ ఏడుస్తోంది! చెప్పాల్సింది అప్పుడే. ఒప్పుకుంటున్నా. కానీ హార్మోనియం ఎదురుగా ఉంది, సంఘమంతా నన్నే చూస్తోంది. వెళ్ళి కూర్చున్నాను.

వాయించాను. వేళ్ళు నీళ్ళలో నానిపోయి ఉన్నాయి, రాత్రంతా బిగుసుకుపోయిన చెయ్యి, మీరే ఆలోచించండి. శ్రుతి ఎక్కడో పైన ఎత్తుకున్నాను, ఆడవాళ్ళ గొంతులు జీరపోయాయి. రెండో చరణంలో ఒకచోట ఇరుక్కుపోయి అదే ముక్క నాలుగుసార్లు వాయించాను. చివరి చరణానికి వాళ్ళు ఒక దారి, నేనొక దారి. అయినా ఎవరికీ పట్టలేదు. "విరిగిన చేత్తో అంతమాత్రం వాయించడమే గొప్ప" అని ఒకటే మెచ్చుకోళ్ళు.

ఆరాధన అయ్యాక అయ్యగారి దగ్గరికి మళ్ళీ వెళ్ళాను. "అయ్యగారూ, నా చెయ్యి విరగలేదండి." ఆయన నా తలమీద చెయ్యిపెట్టి, "అవును తల్లీ, ఇప్పుడు లేదు!" అన్నారు.

ఇక లాభం లేదని బయటికొచ్చాను. బయట కానుకగా వచ్చిన గుమ్మడికాయల వేలంపాట జరుగుతోంది. సమూయేలు మాస్టారు మెట్ల మీద కూర్చుని హార్మోనియం తుడుచుకుంటున్నారు. వెళ్ళి పక్కన కూలబడ్డాను. వర్క్‌షాపు, కత్తెర, కేసు షీటు, గోలెం, మొత్తం చెప్పాను. "మీరైనా నమ్మండి మాస్టారూ, నా చేతికి ఏమీ కాలేదండి!"

"నమ్ముతున్నానమ్మా" అన్నారు ఆయన, తలెత్తకుండానే.

నాకు ప్రాణం లేచొచ్చింది. "నిజంగానా మాస్టారూ? ఎలా నమ్మారు?"

"చెయ్యి విరిగి ఉంటే కొంచెమైనా తేడా ఉండాలి కదమ్మా. పోయిన వారం మా ఇంట్లో ఎలా వాయించావో, ఇవాళా అచ్చం అలాగే వాయించావు" అని హార్మోనియం మూత వేసేసి, వచ్చే ఆదివారం పాటలు చెప్పడానికి ప్రమీలని కేకేశారు.