మిల్లు గచ్చు మీద చక్రాలు

మిర్యాలగూడలో మేం వడ్లు ఆరబోసే మిల్లు గచ్చు మీదే ఆ పిల్ల చక్రాల బూట్లతో స్కేటింగ్ నేర్చుకుంది. మా లారీ డ్రైవర్ బిడ్డ. బూట్లు కట్టుకునే ముందు వంగి, అరచేత్తో నేలంతా తడిమేది. చక్రం కింద ఒక్క గింజ చిక్కినా బోర్లా పడాల్సిందే.

మొదటి కోచ్‌ది సూర్యాపేట. స్కేటింగ్ సంఘం పెద్దలతో గొడవపడి మానుకున్నాడు. తర్వాత వచ్చిన కోదాడ కోచ్, పాత సారు నేర్పినవన్నీ తప్పన్నాడు. ఎడమకు కాదు, కుడికి తిరగమన్నాడు.

"సరే సార్, మళ్ల మొదట్నుంచి" అంది పిల్ల. ఎన్నిసార్లు మోకాళ్లు కొట్టుకుపోయాయో! రాష్ట్ర జట్టులో చోటు కోసమే ఆ పాట్లన్నీ.

తీరా ఎంపికకు వెళ్తే, గేటు దగ్గరే ఆపేశారు. కోదాడ సారు ఈ సంఘానికి పోటీగా పెట్టిన ఇంకో సంఘం మనిషట. ఆయన దగ్గర నేర్చిన పిల్లల్ని ఆడనివ్వరట.

ఆ సాయంత్రం, ఎంపిక కోసం వేసుకున్న తళుకుల గౌనుతోనే మిల్లుకొచ్చింది. నేను వడ్లు పక్కకు లాగి జాగా చేశాను. నేల తడిమి, అక్కడ చేయాల్సిన ఆటంతా మా ముందు చేసింది. హమాలీలు బస్తాలు దించి నిలబడ్డారు. చివర్లో గాలిలోకి లేచి, కుడికి తిరిగి, ఒంటికాలి మీద దిగింది.

"ఎంత మంచిగ చేసినవే! గీడ మార్కులెవరేస్తరు బిడ్డా?" అన్నాను.

"మార్కుల సంగతి తర్వాత పెద్దమ్మా. దిగేటప్పుడు కాలు వణికింది, సూడలేదా? ఆ మూలకు గింజలున్నయ్, జర చీపురుతోని ఊకు. మళ్ల మొదట్నుంచి చేస్త."